తొమ్మిది గంటలు తిరిగిన డిస్కు

శనివారం మధ్యాహ్నం రెండూ పదికి నేను ఫొటో స్టూడియో మెట్లెక్కేసరికి టచప్ అక్క నేరం ఒప్పేసుకుని కూర్చుంది. సంతకం కూడా పెట్టేసిందట. ఇంక ఇక్కడ డిటెక్టివ్‌తో పనేముంది అన్నట్టు చూశాడు ఇన్‌స్పెక్టరు.

ఆ చూపు నాకు కొత్త కాదు. పాతికేళ్ళ కిందట ఇదే బిల్డింగు పై అంతస్తులో ఇద్దరం ఒకే బల్లకి చెరో పక్కన కూర్చుని, ఒకే స్క్రూడ్రైవరు పంచుకుని కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళం. నేనేదైనా తెలివైన మాట అనబోతే చాలు, వాడు అలాగే చూసేవాడు. అప్పట్లో వాణ్ణి ఫ్యూజు అని పిలిచేవాళ్ళం, ఎందుకంటే వాడు చెయ్యి పెడితే బిల్డింగు మొత్తానికీ కరెంటు పోయేది. కరెంటు పోతే కింద డార్క్‌రూములో ప్రింట్లు కడుగుతున్న స్టూడియో పెద్దాయన కెమెరా స్టాండు కాలితో సీలింగు మీద పొడిచేవారు. ఒకసారి పొడిస్తే టీ వచ్చిందని, రెండుసార్లు పొడిస్తే మాకు ఫోనొచ్చిందని, మూడుసార్లు పొడిస్తే మమ్మల్ని తిడుతున్నారని అర్థం. ఆ ఫ్యూజు ఇప్పుడు సైబర్ విభాగంలో ఇన్‌స్పెక్టరు. ఆ పేరుతో పిలిస్తే ఊరుకోడు.

కేసు సంగతి ముందు చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఊరి బయట బట్టల మిల్లు తగలబడి పదకొండు మంది ఆడవాళ్ళు లోపలే చిక్కుకుపోయారు. వెనక గేటు ఎందుకు తెరుచుకోలేదన్న ప్రశ్నకి ఇన్నేళ్ళూ జవాబు లేదు. ఈ ఏడాది మళ్ళీ విచారణ మొదలైంది. నెల కిందట పెద్దాయన ఆ విచారణ కమిటీకి ఒక ఉత్తరం రాశారు. ఆ పొద్దున తను తీసిన రెండువందల పన్నెండు ఫొటోలు తన దగ్గరున్నాయని, వెనక గేటుకి బయటినుంచి తాళం వేసి ఉన్న సంగతి వాటిలో స్పష్టంగా కనిపిస్తుందని, సోమవారం స్వయంగా తెచ్చి ఇస్తానని ఆ ఉత్తరంలో ఉంది. అసలు నెగెటివ్‌లు చెమ్మ తగిలి ఎప్పుడో పాడయ్యాయి. పాడవకముందు స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టుకున్నవే మిగిలాయి.

గురువారం పొద్దున పెద్దాయన స్టూడియోలోనే పక్షవాతం వచ్చి పడిపోయారు. ఆ మధ్యాహ్నం చూస్తే కంప్యూటర్లో నలభై ఏళ్ళ ఫొటోలూ ఉన్నాయి, మిల్లు ఫోల్డరు ఒక్కటే లేదు. తుడిచేసింది టచప్ అక్కేనని పోలీసులకి ఫిర్యాదు వెళ్ళింది. ఫొటోలు నిజంగా పోయాయో లేదో తేల్చమని కమిటీ తరఫు లాయరమ్మ ఇవాళ పన్నెండింటికి నాకు ఫోన్ చేసింది. సాయంత్రం ఐదింటికల్లా ఇన్‌స్పెక్టరు కాగితాలు కోర్టుకి పంపేస్తాడని కూడా చెప్పింది. అంటే నా చేతిలో మూడు గంటలు కూడా లేవు.

టచప్ అక్క ఈ స్టూడియోలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తోంది. ఒకే ఒక్క వెంట్రుక ఉన్న బ్రష్షుతో మొహాల మీద మచ్చలు మాయం చేసేది. మేం పైన షాపు పెట్టేనాటికే ఆమె ఇక్కడ ఉంది. మా ఇద్దరికీ ఆమె అక్కే. మా లైసెన్సుల మీద ఉన్న ఫొటోల్లో మేం కాస్త మనుషుల్లా కనబడుతున్నామంటే అది ఆమె దయే. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు ఆమెని “ఈవిడ” అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ మింగేశాను.

నేను అడక్కముందే ఆమె తలెత్తకుండా చెప్పుకుపోయింది. మంగళవారం పెద్దాయన చెప్తేనే ఒకే ఫొటోకి రెండేసి మూడేసి కాపీలుంటే ఏరి తీసేసిందట. అలా నాలుగు వేల చిల్లర ఫైళ్ళు తుడిచిందట. బుధవారం పొద్దున్నుంచి పాత డిస్కు మొత్తాన్ని కొత్త డిస్కులోకి కాపీ చేసిందట. గురువారం పొద్దున పెద్దాయన ఎనిమిదింటికే ఫోన్ చేసి, ఆల్బమ్‌లు బైండు చేసేవాళ్ళ దగ్గరికెళ్ళి పని చూసుకుని రమ్మన్నారట. తిరిగొచ్చేసరికి పదకొండైందట. అప్పటికే పెద్దాయన్ని ఆంబులెన్సులో తీసుకెళ్ళిపోయారట.

“మంగళవారం తుడిచిన గుంపులో ఆ ఫోల్డరు కూడా పోయుంటుంది తమ్ముడూ. ఆ రోజు నా మనసు మనసులో లేదు,” అంది.

“ఎందుకు లేదక్కా?”

ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది. “ఆ పదకొండు మందిలో మా అమ్మ ఉందని నీకు తెలుసుగా. తాళం ఫొటోలున్నాయని ఆయన నాకు ఎప్పుడు చెప్పారో తెలుసా? నెల కిందట. మిల్లు మేనేజరు ఆయన తమ్ముడే కదా. తమ్ముడు బతికున్నంతకాలం నోరు విప్పలేకపోయానమ్మా అన్నారు. ముప్ఫై ఏళ్ళు ఆయన పక్కనే కూర్చుని పనిచేశాను నేను. ఆ రోజు నుంచి పని చేస్తున్నాను గానీ ఆయనతో మాట్లాడటం మానేశాను. ఇప్పుడు చూడు, మా అమ్మకి మిగిలిన సాక్ష్యాన్ని నా చేత్తోనే తుడిచేశాను.”

ఆమెకి జైలు భయం లేదు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్తే, రక్తసంబంధం కాదని, పైగా కేసులో ఉందని గుమ్మంలోంచే పంపేశారట. అదొక్కటే ఆమె బాధ. అమ్మని పోగొట్టుకున్న పిల్లకి పని నేర్పి, తిండి పెట్టి, ఒకే ఒక్క నిజం మాత్రం దాచిన మనిషిని ఏమనాలో నాకూ తెలియలేదు. పెద్దాయన్ని నేనూ తండ్రిలాగే చూశాను.

ఫిర్యాదు ఇచ్చింది పెద్దాయన తమ్ముడి కొడుకు. హాల్లో, కస్టమర్లు కూర్చునే బెంచీ మీద, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. ఆ మేనేజరు పోయి ఇంకా ఏడాది కాలేదు. పెళ్ళీ పిల్లలూ లేని పెద్దాయనకి చట్టం లెక్కలో మిగిలిన బంధువు ఇతనొక్కడే. గురువారం సరిగ్గా పదింటికి వచ్చానని, కంప్యూటర్ ఆన్ చేసి ఉందని, పెదనాన్న పాత డిస్కు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారని, ఏదో చెప్పబోయి కుప్పకూలారని, డిస్కు కూడా కింద పడి పాడైందని గడగడా చెప్పాడు. ఆంబులెన్సు పదీ పన్నెండుకి వచ్చిందట. పోలీసులకి ఫోన్ చేసింది ఒంటిగంటకి. ఆ మధ్య మూడు గంటలు ఆసుపత్రికి పోకుండా ఇక్కడేం చేశారని అడిగితే కాస్త నీళ్ళు నమిలాడు. పెదనాన్న ఏ ఫొటోల గురించి చెప్పబోయారోనని కంప్యూటర్లో వెతికానన్నాడు. వెతికి, ఒంటిగంటకి కంప్యూటర్ ఆపేసి, పోలీసుల్ని పిలిచాడట. ఆ టైములన్నీ రాసుకున్నాను.

డార్క్‌రూములోకి వెళ్ళాను. ఇప్పుడది కంప్యూటర్ గది. ప్రింట్లు కడిగే తొట్టెల మీద చెక్క పరిచి దాని మీద మానిటరు పెట్టారు. ఎర్ర బల్బు ఇంకా ఉంది. కింద పాత మందు మరకలు, వాటి మీద నిలబడి పనిచేస్తే కాళ్ళు లాగకుండా వేసిన మందపాటి రబ్బరు చాప. గది అంతటా ఆ పుల్లటి వాసన ఏ మూలో మిగిలే ఉంది. ఒక్క క్షణం నాకు ఇరవై ఐదేళ్ళు నిండలేదు. తొట్టెలో తెల్ల కాగితం మీద ఎవరి మొహమో మెల్లగా తేలుతుంటే నేనూ ఫ్యూజూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. “తొందరపడి బయటికి తీశారంటే మనిషి సగమే వస్తాడు” అని పెద్దాయన అంటున్నారు.

మానిటరు పక్కన ఆయన నోటుపుస్తకం ఉంది. కొత్త డిస్కులోకి కాపీ చెయ్యడానికి ఏ సాఫ్ట్‌వేరు వాడాలో ఆయన మూడు వారాలు తేల్చుకోలేకపోయారు. నాకే మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి నేను విసుక్కుని, ఏదైనా ఒకటే పెద్దాయనా, మీకు చేతికొచ్చింది వాడండి అన్నాను. కంప్యూటర్లు బాగుచేసి బతికినవాణ్ణి ఆ మాట అన్నాను. అది తలుచుకుంటే సిగ్గేసింది.

నేను చెప్పకపోతే ఆయనే కష్టపడ్డారు. ఇంటర్నెట్‌లో దొరికినవి మూడు దింపుకుని, అంతే సైజున్న పనికిరాని డిస్కొకటి తీసుకుని, మూడింటినీ దాని మీద పరీక్షించి, వాటి అసలు పేర్లు నోరు తిరక్క సొంత పేర్లు పెట్టుకున్నారు. పుస్తకంలో ఇలా ఉంది.

“తొందర: రెండు గంటలు. ఉన్న ఫైళ్ళే తెస్తుంది. వద్దన్న ఫోల్డరు వదిలేస్తుంది. చెప్పిన మాట వింటుంది.

నిదానం: పదకొండు గంటలు. ఖాళీ జాగాతో సహా తెస్తుంది. చెప్పినా వినదు, ఏదీ వదలదు. ఎక్కించే డిస్కు ఏదో చెరిగిపోయే డిస్కు ఏదో ముందే ఎర్రగీత పెట్టి చూపిస్తుంది. మంచిది.

డబ్బా: అన్నీ కలిపి ఒకే ఫైలుగా కట్టి దాస్తుంది. తెరవాలంటే మళ్ళీ అదే ఉండాలి. అది లేకపోతే మూత రాదు. బ్యాకప్‌కి పర్వాలేదు, రోజూ పనికి కాదు.”

దాని కింద అక్క రాత ఉంది: “నిదానం. బుధవారం 9.05 మొదలు. 8.10 అయింది.” నిదానమే ఎందుకు ఎంచారని అక్కని అడిగితే, నువ్వే చెప్పావు కదా తమ్ముడూ, అప్పుడెప్పుడో పై షాపులో, డిస్కు కాపీ చేస్తే ఖాళీని కూడా కాపీ చెయ్యాలని, అంది. నేనెప్పుడు అన్నానో నాకే గుర్తు లేదు. ఆమె పాతికేళ్ళు గుర్తుపెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు. “అయిందా? ఆవిడ తప్పు ఒప్పుకుంది, పుస్తకంలో ఆవిడ రాతే ఉంది. ఇంకేం కావాలి నీకు?”

“నీ రిపోర్టు కావాలి,” అన్నాను.

ఇవ్వడానికి మొరాయించాడు. లాయరమ్మ ఇచ్చిన అధికార పత్రం చూపిస్తే బల్ల మీద పడేశాడు. మెచ్చుకోవాల్సిందే, పని శుభ్రంగా చేశాడు. కంప్యూటర్లోని డిస్కు తీసి, దాని మీద ఒక్క అక్షరం పడకుండా కట్టడి చేసే పరికరం తగిలించి, శుక్రవారం పన్నెండింటినుంచి నాలుగింటివరకూ కూర్చుని, వేగంగా నడిచే పోలీసు యంత్రం మీద దానికి పూర్తి కాపీ తీశాడు. వెతుకులాటంతా ఆ కాపీ మీదే చేశాడు. ఒకప్పుడు వీడే ఒక లెక్కల మాస్టారి డిస్కు కాపీ చెయ్యబోయి, ఏది అసలుదో ఏది కొత్తదో తారుమారు చేసి, ఖాళీ డిస్కుని తీసుకెళ్ళి నిండు డిస్కు మీద ఎక్కించాడు. మాస్టారి పదేళ్ళ రాత అంతా గాలికి పోయింది. తప్పెవరిదని ఆయన అడిగితే నేను నలుగురిలో వేలు పెట్టి వీణ్ణి చూపించాను. ఆ వారమే షాపు మూతపడింది. నిజమే చెప్పానని నేను ఇన్నాళ్ళూ సమర్థించుకుంటూ వచ్చాను. ఆ రిపోర్టులో ప్రతి పేజీకీ రెండేసిసార్లు సరిచూసినట్టు పెట్టిన టిక్కులు చూస్తుంటే మాత్రం, వీడు ఆ రోజుని ఎన్నేళ్ళు మోశాడోననిపించింది.

నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. రెండుసార్లు చదివి, వాణ్ణి పక్కకి రమ్మన్నాను. వాడు రాలేదు. సరే, అందరి ముందే అడిగాను.

“తుడిచేసిన ఫైళ్ళు: లేవు. ఇది నువ్వు రాసిందేనా?”

“అవును. ఎంత వెతికినా ఆ ఫోల్డరు జాడ దొరకలేదు. పూర్తిగా పోయింది.”

“ఆ ఫోల్డరు సంగతి వదిలెయ్. అక్క మంగళవారం తుడిచిన నాలుగు వేలూ ఏవి?”

వాడు రిపోర్టు నా చేతిలోంచి లాక్కుని ఆ పేజీ మళ్ళీ చూశాడు. వాడికి నేను పాఠం చెప్పక్కర్లేదు గానీ అక్కకి అర్థం కావాలని విడమరిచి చెప్పాను. కంప్యూటర్లో ఫైలు తుడవడమంటే పుస్తకంలో పేజీ చించెయ్యడం కాదు, విషయసూచికలో పేరు కొట్టెయ్యడం. దాని మీద ఇంకోటి రాసేదాకా పేజీ అక్కడే ఉంటుంది. ‘నిదానం’ ఖాళీ జాగాతో సహా కాపీ చేస్తుంది కాబట్టి, పేరు కొట్టేసిన ఆ నాలుగు వేలూ కొత్త డిస్కులోకి కూడా వచ్చి తీరాలి. నిజంగా అక్క పొరపాటున మిల్లు ఫోల్డరు తుడిచి ఉంటే దాని జాడ కూడా వాటి పక్కనే దొరకాలి. ఇక్కడ ఒక్కటంటే ఒక్కటి లేదు.

“అంటే ‘తొందర’తో చేసిందన్నమాట. పుస్తకంలో నిదానమని రాసింది. అబద్ధం రాసింది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో మునుపటి ధీమా లేదు.

“నీ పేజీలోనే ఆఖరి లైను చదువు.”

చదివాడు. “తిరిగిన గంటలు: తొమ్మిది.”

డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో దాని లోపలే ఒక లెక్క నడుస్తుంటుంది. మామూలుగా దాన్ని ఎవరూ మార్చలేరు. అక్క చేసిన కాపీకే పదకొండు గంటలు పట్టింది. పదకొండు గంటలు తిరిగిన డిస్కు తొమ్మిదే తిరిగానని ఎలా చెప్తుంది? తొమ్మిదిలోంచి ఇన్‌స్పెక్టరు కాపీ తీసుకున్న నాలుగు గంటలు తీసేశాను. గురువారం పదినుంచి ఒంటిగంటదాకా అబ్బాయిగారు కంప్యూటర్లో వెతికిన మూడు గంటలూ తీసేశాను. మిగిలింది రెండు గంటలు. పెద్దాయన పుస్తకంలో ‘తొందర’కి పట్టే టైము కూడా అంతే.

అప్పుడు అక్క మెల్లగా, కానీ కొత్త డిస్కు ఒక్కటే కదా తమ్ముడూ కొన్నాం, అంది. వీధి చివర కంప్యూటర్ షాపుకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. షాపతను తడుముకోకుండా చెప్పాడు. సోమవారం అక్క వచ్చి ఒకటి తీసుకెళ్ళింది. బుధవారం సాయంత్రం ఆరింటికి పెద్దాయనే కర్ర పొడుచుకుంటూ వచ్చి, అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలని అడిగి పట్టుకెళ్ళారు. స్టూడియోలో ఎవరికీ చెప్పకు నాయనా అన్నారట.

ఇన్‌స్పెక్టరు సీలు వేసిన కవరులోంచే డిస్కుని తిప్పి చూశాడు. అడుగున, స్క్రూలకి మధ్య, పెన్సిలుతో చిన్నగా ‘ప్రిం’ అని ఉంది. వాడు కూడా మూడేళ్ళు ఈ స్టూడియో పైన బతికినవాడే. నేను చెప్పకుండానే వాడికి అర్థమైంది. పెద్దాయన ఏ వస్తువు మీదైనా అలాగే గుర్తు వేసేవారు. ఎవరికైనా ఇచ్చేది, నలుగురూ చూసేది ప్రింటు. దాచుకునేది నెగెటివ్. ప్రధానమంత్రి వచ్చి అడిగినా నెగెటివ్ చేతికివ్వకూడదనేవారు. ప్రింటు చించినా నీళ్ళలో ముంచినా ఆయనకి చీమ కుట్టినట్టుండేది కాదు.

నేను జరిగింది వరసగా చెప్పాను. అక్క కాపీ సరిగ్గానే చేసింది, ఒక్క ఫొటో కూడా పోలేదు. ఆ ఫొటోల కోసం ఎవరో వస్తారని పెద్దాయన ముందే పసిగట్టారు. గురువారం పొద్దున అక్కని బైండింగు పని మీద పంపేసి, మిల్లు ఫోల్డరు వదిలేసి, ‘తొందర’తో రెండో డిస్కు తయారుచేసి కంప్యూటర్లో పెట్టారు. వెతికేవాడికి దొరికేది ప్రింటన్నమాట. అక్క పదకొండు గంటలు కూర్చుని చేసిన అసలు డిస్కుని నెగెటివ్‌గా దాచేశారు. తెలిస్తే అక్కకి ప్రమాదమని అక్కకి కూడా చెప్పలేదు. పాపం, ఆమె మీదే నింద పడుతుందని ఆయన ఊహించి ఉండరు.

“అయితే ఫొటోలు ఉన్నాయా?” అంది అక్క.

“ఉన్నాయక్కా. రెండువందల పన్నెండూ ఉన్నాయి. ఎక్కడున్నాయో పెద్దాయన ఒక్కరికే తెలుసు.”

ఆ మాట నేను గొప్పగా, హాలు మొత్తానికీ వినబడేలా అన్నాను. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తొట్టె అంచుకి ఆనుకుంది. మూడు రోజులుగా ఆమె భుజాల మీద కూర్చున్నదేదో దిగిపోవడం కళ్ళారా చూశాను. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇన్‌స్పెక్టరు తన రిపోర్టు తీసుకుని, నాలుగో పేజీ మడిచి, అంత పెద్ద అంకె నా కళ్ళ ముందే ఉందిరా అన్నాడు. నన్ను వాడు ‘రా’ అని పిలిచి ఎన్నేళ్ళయిందో లెక్క కట్టలేదు. తరవాత అక్క దగ్గరికెళ్ళి, ఆమె సంతకం చేసిన కాగితం చేతిలో పెట్టి తల వంచుకున్నాడు.

“ఆయన దగ్గరికి వెళ్ళచ్చా నేను?” అని అడిగింది అక్క. వెళ్ళచ్చన్నాడు. తనే తీసుకెళ్తానన్నాడు. ఈ పొద్దుటినుంచి పెద్దాయన ఒకటీ అరా మాట పలుకుతున్నారని నర్సు చెప్పిందట. అది విన్నప్పుడు మాత్రం అక్క ఏడ్చింది.

కాగితాలు మార్చి రాసుకోవడానికి వాడికి పావుగంట పట్టింది. సామాను సర్దుకుంటూ రెండో కవరు ఎత్తాడు. అందులో పాడైన పాత డిస్కు ఉంది. పెద్దాయన చేతిలోంచి జారి పడిందన్నారు కదా, సొట్టలుండటం సహజమేనని వాడు పక్కన పెట్టేశాడు. నేను కింద రబ్బరు చాప చూశాను, కవరు చూశాను. వాడూ అదే క్షణంలో చూశాడు. డిస్కుకి పైవైపు లోతుగా ఒక సొట్ట, కిందివైపు ఇంకో సొట్ట. చేతిలోంచి మెత్తటి రబ్బరు మీద ఒకసారి పడ్డ ఇనుప వస్తువుకి రెండు పక్కలా సొట్టలెలా పడతాయి? ఎవరో బరువైనదానితో కొట్టి, తిరగేసి, మళ్ళీ కొట్టారు. కంప్యూటర్లో ఫోల్డరు లేదని చూసుకుని, పాతదాంట్లో మిగిలిపోయి ఉంటుందేమోనని కొట్టారు. పదినుంచి ఒంటిగంటదాకా ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క మనిషి.

ఇద్దరం ఒకేసారి హాల్లోకి తిరిగాం. బెంచీ ఖాళీగా ఉంది. బయట కారు కూడా లేదు. ఎప్పుడు లేచి వెళ్ళాడో ముగ్గురిలో ఎవరమూ చూడలేదు.

నేను చేసిన పని అప్పుడు నాకు అర్థమైంది. ఇంతసేపూ అతను ఫొటోలు పోయాయనే నమ్మాడు. తన అదృష్టం కొద్దీ అక్క తుడిచేసిందనుకున్నాడు. ఆ పోవడానికి పోలీసు ముద్ర కూడా వేయించుకుని, తండ్రి పేరుకి మచ్చ తప్పిందని సోమవారం కోసం హాయిగా ఎదురుచూస్తున్నాడు. అవి భద్రంగా ఉన్నాయని అతనికి చెప్పింది నేనే. ఎవర్ని అడిగితే దొరుకుతాయో కూడా నేనే చెప్పాను. వేలు పెట్టి చూపించినంత పని చేశాను. మాట్లాడేముందు హాలు తలుపు వేస్తే సరిపోయేది. అక్క కళ్ళ ముందు గెలవాలన్న ఆత్రంలో నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఇన్‌స్పెక్టరు అప్పటికే వార్డు గుమ్మం దగ్గర కాపలా పెట్టిన కానిస్టేబుల్‌కి ఫోన్ కలిపాడు. స్పీకర్లో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది.

“వస్తున్నా సార్, కిందికి దిగాను. మీరు స్టేషనుకి రమ్మన్నారని ఆ అబ్బాయిగారు ఇప్పుడే చెప్పారు. పెదనాన్న దగ్గర తను కూర్చుంటానన్నారు.”

“నేను పిలవలేదు. వెనక్కి పో. పరిగెత్తు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆసుపత్రి ఇక్కడికి కారులో ఏడు నిమిషాలు. టైము చూశాను, మూడూ ఇరవై ఆరు. ఫోనులో రొప్పు వినిపిస్తోంది, మెట్లు, తలుపు తోసిన చప్పుడు. ఎవరో నర్సు ఏదో గట్టిగా అడుగుతోంది. అక్క నా మోచెయ్యి పట్టుకుని నొక్కుతోంది, తను నొక్కుతున్న సంగతి తనకి తెలియదు.

“సార్,” అన్నాడు కానిస్టేబులు. “మంచం ఖాళీగా ఉంది. స్కానింగుకని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాడట. స్కానింగు గదికి తాళం వేసి ఉంది సార్, ఇవాళ అది తెరవనే లేదట.”

ఇన్‌స్పెక్టరు మెట్ల వైపు దూకాడు. నేను కదలబోతుంటే అక్క నా చెయ్యి వదిలి ముందుకి నడిచింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

“నెల రోజులు,” అంది, నాతో కాదు. “నెల రోజులు ఒక్క మాట మాట్లాడలేదు నేను ఆయనతో.”

తరవాత మా ఇద్దరికంటే ముందు తనే వీధిలోకి పరిగెత్తింది.